ట్రైస్టార్ ట్యాంకర్: బ్రిటన్ వాళ్లు సెకండ్ హ్యాండ్‌లో కొని బాగుపడ్డారా, బోల్తా పడ్డారా?

ఫైనలియర్_పిల్ల | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఏరోనాటికల్ ఇంజినీరింగ్ నాలుగో సంవత్సరం చదువుతున్నా. వచ్చే వారం సెమినార్‌లో గాల్లో ఇంధనం నింపే విమానాల గురించి మాట్లాడాలి. క్లాసులో అందరూ ఏ330లు, కేసీ-46లు పంచేసుకున్నారు. నేను కాస్త పాత సరుకు పట్టుకున్నా: బ్రిటన్ వాయుసేన వాడిన లాక్‌హీడ్ ట్రైస్టార్. పేరు చెప్పగానే మా సార్ "అదా? ఎయిర్‌లైన్స్ వదిలించుకున్న పాత బస్సుకి గొట్టం తగిలించారు, అంతేగా" అని తీసి పారేశారు. నాకు పౌరుషం వచ్చింది.

నా సందేహాలు ఇవీ. యుద్ధానికి ప్యాసింజర్ విమానం ఎందుకు కొన్నారు? అందులోనూ మూడు ఇంజిన్లది ఎందుకు? అసలు అది మంచి బేరమేనా? వికీలో ఉన్నది చదివేశాను, దయచేసి లింకులు పెట్టకండి. తెలిసినవాళ్లు మీ మాటల్లో చెప్పండి.

స్విండన్_సుబ్బు | సోమవారం రాత్రి 10:05

అమ్మాయ్, సరైన గుమ్మం ముందే ఆగావు. మా ఇంటి నుంచి బ్రైజ్ నార్టన్ స్థావరం కారులో అరగంట. ట్రైస్టార్లన్నీ అక్కడే, 216 స్క్వాడ్రన్‌లో ఉండేవి. కొత్తగా వచ్చిన రోజుల్లో ఆదివారాలు ఏమీ తోచక కంచె దగ్గరికెళ్లి నిలబడేవాణ్ణి.

కథ 1982 ఫాక్లండ్స్ యుద్ధం దగ్గర మొదలవుతుంది. దీవులు దక్షిణ అట్లాంటిక్ చివర్న ఉన్నాయి. దగ్గర్లో బ్రిటన్‌కి అందుబాటులో ఉన్న రన్‌వే అసెన్షన్ ద్వీపంలో, అదీ ఆరు వేల కిలోమీటర్లకు పైగా దూరం. స్టాన్లీ రన్‌వే మీద ఒకే ఒక్క వల్కన్ బాంబర్‌తో బాంబులు వేయించడానికి పదకొండు విక్టర్ ట్యాంకర్లు లేచాయి. ఒక విక్టర్ ఇంకో విక్టర్‌కి పోస్తుంది, అది మరోదానికి పోస్తుంది, చివరికి మిగిలిన చుక్క వల్కన్‌కి. పెళ్లికొడుకు ఒక్కడే, మోసేవాళ్లు ఊరంతా. ఇంతా చేస్తే ఇరవై ఒక్క బాంబుల్లో రన్‌వే మీద పడింది ఒకటి.

యుద్ధం అయిపోయింది కానీ అసలు బాధ అప్పుడే మొదలైంది. దీవుల్లో సైన్యాన్ని శాశ్వతంగా ఉంచాలి. మనుషుల్ని, సామాన్లని నెలనెలా చేరవేయాలి. హెర్క్యులిస్ సరుకు విమానాలు అసెన్షన్ నుంచి పదమూడు గంటల దాకా ఎగిరేవి, దారిలో గాల్లోనే ఇంధనం పట్టాలి. అందులో ఓ తమాషా ఉంది. విక్టర్ జెట్ కాబట్టి నెమ్మదిగా ఎగరలేదు, హెర్క్యులిస్ ప్రొపెల్లర్ది కాబట్టి దాన్ని అందుకోలేదు. అందుకని రెండూ ఎత్తు నుంచి కిందికి జారుతూ, ఆ జారుడులో హెర్క్యులిస్‌కి వేగం వచ్చాక నింపుకునేవి. సముద్రం దగ్గరపడేలోపు పని అయిపోవాలి మరి!

ఆ తిప్పలు పడ్డవాళ్లకి పెద్ద కడుపున్న విమానం కావాలనిపించదూ? సరిగ్గా అప్పుడే బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన ట్రైస్టార్-500లు అమ్మకానికి పెట్టింది. ఆరు కొన్నారు. తర్వాత పాన్ యామ్ దగ్గర మరో మూడు. మొత్తం తొమ్మిది. కేంబ్రిడ్జ్‌లో మార్షల్ కంపెనీ వాటిని మార్చింది. ట్యాంకర్లుగా మార్చిన వాటిలో నిండా పోస్తే ఒక్కోదాంట్లో 136 టన్నుల ఇంధనం. విక్టర్‌లో పట్టేది అందులో సగం కూడా లేదు.

శంషాబాద్_స్పానర్ | సోమవారం రాత్రి 11:31

డ్యూటీ దిగి ఇప్పుడే చూశా. మూడు ఇంజిన్ల సంగతి నేను చెప్తా.

అమెరికాలో పాత నియమం ఒకటుండేది. రెండే ఇంజిన్లున్న విమానం దారిలో ఎక్కడున్నా సరే, ఒక ఇంజిన్ ఆగిపోతే అరవై నిమిషాల్లో ఏదో ఒక ఎయిర్‌పోర్టుకి చేరేలా ఉండాలి. అంటే సముద్రాల మీద అడ్డంగా పోలేదు, ఒడ్డు పట్టుకుని చుట్టూ తిరగాలి. 1964లో మూడు ఇంజిన్ల వాటికి ఆ బంధనం తీసేశారు. నాలుగు పెడితే ఖర్చు, రెండు పెడితే అడ్డంకి. మధ్యేమార్గం మూడు. లాక్‌హీడ్ ఎల్-1011 (అదే మన ట్రైస్టార్), మెక్‌డొనెల్ డగ్లస్ డీసీ-10 రెండూ ఆ లెక్కలోంచే పుట్టాయి. 1985లో రెండింజిన్ల విమానాలకి 120 నిమిషాల దాకా అనుమతి ఇవ్వడం మొదలెట్టేసరికి మూడో ఇంజిన్‌కి పని లేకుండా పోయింది. ట్రైస్టార్ తయారీ అప్పటికే, 1984లోనే ఆగిపోయిందనుకో.

ఆ మూడో ఇంజిన్ ఎక్కడ పెట్టారో చూడు. డీసీ-10లో నిలువు తోక మధ్యలో గొట్టంలా నేరుగా గుచ్చేశారు. గాలి ముందు నుంచి వచ్చి తిన్నగా వెనక్కి పోతుంది. ట్రైస్టార్‌లో గాలి పైన తోక మొదట్లో లోపలికెళ్లి, పాములా వంగి కిందికి దిగి, విమానం చిట్టచివర్న ఉన్న ఇంజిన్‌లోకి వస్తుంది. కట్టడం కష్టం. కానీ ఇంజిన్ కిందికి ఉంటుంది కాబట్టి మెకానిక్‌కి నిచ్చెన పొడవు తగ్గుతుంది. ఇది పుస్తకాల్లో రాయరు, మోకాళ్లకి తెలుస్తుంది.

జగిత్యాల_జంగన్న | మంగళవారం ఉదయం 6:48

పామోలె వంగిన గొట్టం అంటె యాదికొచ్చింది. మా బాపు ఎనభైలల్ల బొంబాయికెళ్లి సౌదీ పోయిండు. ఎక్కింది గీ ట్రైస్టారే. ఇంటికొచ్చినప్పుడల్లా గదే ముచ్చట: "రెక్కలకు రెండు మోటర్లు, తోకల ఒకటి. ఎన్క సీట్ల కూసుంటె ఎన్కనుంచి ఎవలో దొబ్బుతున్నట్టే ఉంటది." సౌదియా, గల్ఫ్ ఎయిర్ రెండింటికీ గవ్వే ఉండె గద అప్పుడు. మా దిక్కు గల్ఫ్‌కు పోయినోళ్లల్ల సగం మందికి పేరు తెల్వకున్నా గా విమానం ఎరికే.

గది మిలిటరీల పెట్రోల్ పోసిందని నాకు ఇయ్యాల్నే తెల్సింది. బాపుకు చెప్తె నవ్విండు.

నీలం_యూనిఫాం | మంగళవారం ఉదయం 7:20

జంగన్నా, మీ నాన్నగారికి నమస్కారాలు చెప్పండి.

నేను వాయుసేనలో సార్జెంటుగా రిటైరయ్యాను. చివరి కొన్నేళ్లు ఆగ్రాలో ఇల్యూషిన్-78 దగ్గర. అమ్మాయి సెమినార్‌కి పనికొస్తుందేమోనని గొట్టం సంగతి రాస్తున్నాను. దీన్ని చాలామంది పెట్రోలు బంకులా ఊహించుకుంటారు, నిజానికి బావిలో చేద లాంటిది.

ట్యాంకర్ వెనక భాగంలో పెద్ద గిలక ఉంటుంది. దానికి ఇరవై మీటర్ల పైచిలుకు రబ్బరు గొట్టం చుట్టి ఉంటుంది, కొసన ఒక బుట్ట. గాలికి బుట్ట విచ్చుకుని నిలకడగా ఎగురుతుంది. ఫైటర్‌కి ముందు ఒక ముక్కు పొడుచుకొచ్చి ఉంటుంది, ప్రోబ్ అంటాం. పైలట్ ఆ ముక్కుని బుట్టలో గుచ్చాలి. ట్యాంకర్ కంటే రెండు మూడు నాట్ల వేగం ఎక్కువ, అంతే. మనిషి నడక అనుకోండి. నెమ్మదిగా వస్తే తాళం పడదు, దూకుడుగా వస్తే ఇంకా ప్రమాదం. ఎందుకంటే ముక్కు తగలగానే గొట్టం వదులవుతుంది, ఆ వదులుని గిలక వెంటనే లోపలికి చుట్టేసుకోవాలి. చుట్టకపోతే గొట్టంలో అల పుడుతుంది. పిల్లలు తాడు పట్టుకుని ఊపితే కొస దాకా పోతుంది చూశారా, అలాగ. ఆ అల వచ్చి ముక్కుని విరిచేస్తుంది. అసలు ముక్కు చివర కావాలనే బలహీనమైన చోటు ఒకటి పెడతారు. విరిగితే అక్కడే విరగాలి, విమానానికి దెబ్బ తగలకూడదు.

ట్యాంకర్ కడుపు కింద దీపాలుంటాయి. ఎరుపు ఉంటే దగ్గరికి రావద్దు. పసుపు వస్తే గుచ్చుకో. ఆకుపచ్చ వచ్చిందంటే ఇంధనం పారుతోంది. రేడియో నోరు విప్పకుండా అంతా ఈ దీపాల మీదే నడిపించొచ్చు.

ఇక ట్రైస్టార్ మీద నా అభిప్రాయం. మా ఇల్యూషిన్‌కి మూడు చోట్ల గొట్టాలు: రెక్కకొకటి, వెనక ఒకటి. రెండు ఫైటర్లు చెరో పక్కా తాగుతాయి. ట్రైస్టార్‌కి రెక్కల కింద గొట్టాల్లేవు. వెనక పక్కపక్కన రెండు గిలకలున్నా ఒకసారి ఒక్కటే వాడాలి. నలుగురు దాహంతో వస్తే ముగ్గురు వరసలో నిలబడాల్సిందే. లారీగా పాస్, బంకుగా ఫెయిల్. మీ సార్‌ని పూర్తిగా తప్పు పట్టలేను.

స్విండన్_సుబ్బు | మంగళవారం మధ్యాహ్నం 1:15

సార్, మీకు నేను చెప్పడం తాతకి దగ్గులు నేర్పినట్టే. అయినా ఒక మాట. రెక్కల కింద గొట్టాలు పెట్టాలని వాళ్లూ అనుకున్నారు, తర్వాత వదిలేశారు. ఆ పని వీసీ10 ట్యాంకర్లు చూసుకునేవి, వాటికి రెక్కల కింద ఉండేవి. ట్రైస్టార్ని అందుకోసం కాకుండా దూరప్రయాణాలకి వాడారు. నాలుగు ఫైటర్లు సముద్రం దాటి పోవాలంటే వెంట ట్రైస్టార్ వెళ్తుంది. దాని కడుపులో ఇంధనం, పైన సీట్లలో ఆ స్క్వాడ్రన్ మెకానిక్‌లు, సామాను. మంద, మేత, కాపరి ఒకే బండిలో.

పైగా తొమ్మిదీ ఒకటి కాదు. రెండు కే1లు: ట్యాంకరూ, ప్యాసింజరూ. నాలుగు కేసీ1లు: వాటికి ఎడమ పక్క ముందు భాగంలో పెద్ద సరుకు తలుపు కోశారు, ప్యాలెట్లు నేరుగా ఎక్కించొచ్చు. పాన్ యామ్ నుంచి వచ్చిన మూడూ మనుషుల్ని మోసేవే, వాటికి గొట్టం లేదు. 1985లో ఫాక్లండ్స్‌లో మౌంట్ ప్లెజంట్ రన్‌వే తెరిచాక ఈ ట్రైస్టార్లే బ్రైజ్ నార్టన్ నుంచి అసెన్షన్ మీదుగా సైనికుల్ని చేరవేశాయి. పదమూడు గంటలు హెర్క్యులిస్ మోతలో కూర్చున్నవాడికి ఇది స్వర్గం.

1991 గల్ఫ్ యుద్ధంలో రెండింటికి ఎడారి రంగు వేశారు. ఎడారి రంగు అంటే గులాబీ! వాటికి పింకీ, పెర్కీ అని ముద్దుపేర్లు.

బేఏరియా_బాబ్జీ | మంగళవారం రాత్రి 8:40

అన్నల్లారా, మూడింజిన్ల ట్యాంకర్ అంటూ కేసీ-10 ఊసే లేకుండా ఇంత దూరం వచ్చారేంటి? నేనుండేది కాలిఫోర్నియాలో, ట్రావిస్ స్థావరం నుంచి లేచే దారి మా ఆఫీసు మీదుగానే. అసలు రాజు ఇదీ.

డీసీ-10 ఆధారంగా చేసినా ఇది సెకండ్ హ్యాండ్ కాదు, అమెరికా వాయుసేన కోసం కొత్తగానే కట్టారు. 1977లో బోయింగ్ 747ని కాదని దీన్ని ఎంచుకున్నారు. మొదటిసారి ఎగిరింది 1980 జులై 12న. మొత్తం అరవై. ఇంధనం 161 టన్నులు, అంటే ట్రైస్టార్ కంటే పాతిక టన్నులు ఎక్కువ. అది కాక ఒకే ప్రయాణంలో బూమూ (ట్యాంకర్ వెనక నుంచి ఆపరేటర్ దించి అవతలి విమానంలో గుచ్చే గట్టి గొట్టం) వాడొచ్చు, బుట్ట ఉన్న రబ్బరు గొట్టమూ వాడొచ్చు. వాయుసేన విమానాలు బూమ్‌తో, నౌకాదళం విమానాలు బుట్టతో. బూమ్‌లో నిమిషానికి 4,180 లీటర్ల దాకా పారుతుంది, గొట్టంలో 1,786. తేడా చూడండి. పైగా కేసీ-10 నెత్తి మీద రంధ్రం ఉంది, తనే ఇంకో ట్యాంకర్ దగ్గర తాగగలదు.

1986లో లిబియా మీద దాడి గుర్తుందా? ఇంగ్లండ్ నుంచి ఎఫ్-111లు బయల్దేరాయి. ఫ్రాన్స్, స్పెయిన్ తమ మీదుగా పోనివ్వలేదు. అట్లాంటిక్‌లోకి దిగి జిబ్రాల్టర్ చుట్టూ తిరిగి వెళ్లి మళ్లీ అలాగే వచ్చారు. కేసీ-10లు, కేసీ-135 ట్యాంకర్లు వెంట లేకపోతే ఆ రాత్రి ఎవడూ ఇల్లు చేరడు.

శంషాబాద్_స్పానర్ | మంగళవారం రాత్రి 10:22

రాజుగారికి నమస్కారమే గానీ బాబ్జీ, డిజైన్ దగ్గర నేను ట్రైస్టార్ పక్షం.

ఒక్క విషయం. విమానం తోక, రెక్కల పలకలు కదలాలంటే హైడ్రాలిక్ ఒత్తిడి కావాలి. డీసీ-10కి అలాంటి వ్యవస్థలు మూడు, ట్రైస్టార్‌కి నాలుగు. 1989 జులై 19న యునైటెడ్ 232 అనే డీసీ-10 విమానంలో తోకలోని ఇంజిన్ ఫ్యాన్ చక్రం పగిలి, ముక్కలు మూడు లైన్లనీ కోసేశాయి. పైలట్లకి చేతిలో మిగిలింది రెక్కల ఇంజిన్ల థ్రాటిల్ ఒక్కటే. దాంతోనే సూ సిటీ దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు.

ట్రైస్టార్ కథ ఇంకోటి ఉంది. 1977 ఏప్రిల్‌లో డెల్టా 1080, శాన్ డియేగోలో రాత్రిపూట లేచింది. ఎడమ ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) పైకి ఇరుక్కుపోయింది. ముక్కు పైకి పైకి లేస్తోంది, వేగం పడిపోతోంది. కెప్టెన్ జాక్ మెక్‌మేహన్ ఏం చేశాడంటే రెక్కల ఇంజిన్లు తగ్గించి తోక ఇంజిన్ పెంచాడు. రెక్కల ఇంజిన్లు కిందుంటాయి కాబట్టి తోస్తే ముక్కు లేస్తుంది. తోకది పైనుంటుంది కాబట్టి తోస్తే ముక్కు దిగుతుంది. ఇంజిన్లతోనే తక్కెడ తూచినట్టు తూచి లాస్ ఏంజిలిస్‌లో దింపాడు. అందరూ క్షేమం. రెండింజిన్ల విమానంలో ఈ విద్య కుదరదు. అమ్మాయ్, "మూడు ఎందుకు" అన్న నీ ప్రశ్నకి ఇదీ ఒక జవాబే, దీని కోసం పెట్టకపోయినా.

బేఏరియా_బాబ్జీ | మంగళవారం రాత్రి 11:03

ట్రైస్టార్ అంత గొప్ప డిజైన్ అయితే 250 విమానాలతోనే ఎందుకు ఆగింది స్పానరన్నా?

స్విండన్_సుబ్బు | బుధవారం తెల్లవారుజామున 2:10

ఇంజిన్ వల్ల. ట్రైస్టార్‌కి పెట్టిన రోల్స్ రాయిస్ ఆర్‌బీ211 ఇంజిన్ కోసం ఒప్పుకున్న ధరకి, ఖర్చుకి పొంతన లేక 1971 ఫిబ్రవరి 4న కంపెనీ దివాలా తీసింది. రోల్స్ రాయిస్ దివాలా! బ్రిటన్ ప్రభుత్వం జాతీయం చేసి నిలబెట్టింది. ఇటు లాక్‌హీడ్ పీకల్లోతు మునిగితే అమెరికా ప్రభుత్వం 25 కోట్ల డాలర్ల అప్పుకి హామీ ఇచ్చింది, సెనేట్‌లో అది గట్టెక్కింది ఒక్క ఓటు తేడాతో. ఈలోగా డీసీ-10 ముందు బజారుకొచ్చేసింది. విమానాలు అమ్ముకోవడానికి జపాన్‌లో లంచాలిచ్చి ఆ దేశ మాజీ ప్రధాని తనాకాని కోర్టుకెక్కించారు. బంగారం లాంటి విమానం, జాతకం మాత్రం శనివారం పుట్టినట్టు.

లంచాలంటే ఓ పిట్టకథ. ఆ 1976 గొడవలోనే నెదర్లాండ్స్ రాకుమారుడు బెర్న్‌హార్డ్ పేరూ లాక్‌హీడ్ లంచాల్లో బయటపడింది. తర్వాత డచ్ వాయుసేన రెండు పాత డీసీ-10లని ట్యాంకర్లుగా మార్చుకుని ఒకదానికి ఆయన పేరే పెట్టింది. లాక్‌హీడ్ సొమ్ము పుచ్చుకున్నాయన పేరు లాక్‌హీడ్ శత్రువు విమానం మీద!

నీలం_యూనిఫాం | బుధవారం ఉదయం 6:55

ఆ డచ్ కేడీసీ-10లో ఇంకో విశేషం. కేసీ-135లో బూమ్ నడిపేవాడు బోర్లా పడుకుని కిటికీలోంచి చూస్తాడు. కేసీ-10లో వెనక్కి తిరిగి దర్జాగా కూర్చుని పెద్ద కిటికీలోంచి చూస్తాడు. డచ్‌వాళ్లు కిటికీయే తీసేసి కెమెరాలు పెట్టి, ఆపరేటర్ని ముందు కాక్‌పిట్ వెనక తెర ముందు కూర్చోబెట్టారు. ఇప్పుడు కేసీ-46లోనూ కెమెరాలే, కొన్ని కోణాల్లో ఎండ పడితే దూరం సరిగ్గా తెలియక ఇబ్బంది పడ్డారు. కంటికి మించిన కెమెరా ఇంకా రాలేదని నా నమ్మకం. పాతకాలపు మనిషిని, తిట్టుకోండి.

ఇక పాత ప్యాసింజర్ విమానాన్ని ట్యాంకర్ చేయడం అన్న మాట. దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. మన హెచ్ఏఎల్ కూడా 2022 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ విమాన సంస్థ ఐఏఐతో సరిగ్గా ఇలాంటి ఒప్పందమే చేసుకుంది: ప్యాసింజర్ విమానాల్ని ట్యాంకర్లుగా మార్చడానికి. కొత్తవి కొందామని టెండరు పిలిచి రెండుసార్లు రద్దు చేశారు. 2020లో మొదటి రఫేల్‌లు ఫ్రాన్స్ నుంచి వస్తుంటే దారిలో పోసింది ఫ్రెంచి వాళ్ల ఎయిర్‌బస్ ట్యాంకర్. ఉన్న ఆరు ఇల్యూషిన్‌ల మీద ఎంత భారం పడిందో గ్రీజు అంటిన చేతులకే తెలుసు. ఆ లెక్కన 1982లో బ్రిటన్ వాళ్లు చూపించిన చురుకుతనానికి నేను దండం పెడతాను, గొట్టం ఒక్కటే అయినా సరే.

జగిత్యాల_జంగన్న | బుధవారం ఉదయం 8:30

సారు పార్టీ మారిండు 😀

స్విండన్_సుబ్బు | బుధవారం రాత్రి 9:47

చివరి రోజుల గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఏకపక్షం అవుతుంది. అఫ్గానిస్తాన్ ఏళ్లలో ఇవి బాగా ముసలివైపోయాయి. విమానం మొరాయించి సెలవు మీద ఇంటికి రావాల్సిన సైనికులు ఆలస్యమయ్యారని ఇక్కడి పేపర్లలో వచ్చేది. రెండు వారాల సెలవులో రెండు రోజులు దారిలోనే పోతే ఎవడికైనా మండుతుంది. ప్రపంచంలో మిగిలిన ట్రైస్టార్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంటే విడిభాగాలు మాత్రం ఎక్కణ్ణుంచి వస్తాయి?

2014 మార్చి 24న ఆఖరిసారి గాల్లో ఇంధనం పోశాయి. మర్నాడు మిగిలినవి లెస్టర్‌షైర్‌లోని బ్రంటింగ్‌థార్ప్‌కి వెళ్లి ఆగిపోయాయి. ఆ రోజు నేను కంచె దగ్గరున్నా. పక్కన ఒక పెద్దాయన ఫ్లాస్కులోంచి టీ పోసి నాకూ ఇచ్చాడు. మూడు ఇంజిన్లూ ఒకేసారి పూర్తి బలం అందుకున్నప్పుడు మామూలు జెట్ హోరు కాదు, కింద నుంచి రంపం కోస్తున్నట్టు ఒక గరగర ఉంటుంది, అది ఆర్‌బీ211 సొంతం. కప్పులో టీ మీద చిన్న వలయాలు లేచాయి. పెద్దాయన విమానాన్ని చూడకుండా ఆ కప్పునే చూశాడు.

బేఏరియా_బాబ్జీ | బుధవారం రాత్రి 11:20

మా రాజు కూడా పోయాడన్నా. 2024 సెప్టెంబర్ 26న ట్రావిస్ నుంచి ఆఖరిది అరిజోనా ఎడారికి వెళ్లిపోయింది. దాని పని ఇప్పుడు కేసీ-46ది. అది రెండింజిన్లది, దానికి 96 టన్నులే పడుతుంది. ఇంతకీ ట్రైస్టార్ ఎక్కడైనా బతికుందా?

శంషాబాద్_స్పానర్ | గురువారం అర్ధరాత్రి 12:05

కడుపు కింద పెగాసస్ రాకెట్ మోసుకెళ్లి గాల్లో వదిలే స్టార్‌గేజర్ ఒకటి ఉంది. 1974లో ఎయిర్ కెనడాకి పుట్టిన బిడ్డ. ఎగరగలిగిన ట్రైస్టార్ అదొక్కటే.

ఫైనలియర్_పిల్ల | తర్వాతి బుధవారం సాయంత్రం 5:36

సెమినార్ అయిపోయింది! అందరికీ థాంక్స్. విక్టర్ల లెక్క చెప్పినప్పుడు క్లాసు నవ్వింది, డెల్టా 1080 చెప్పినప్పుడు నిశ్శబ్దమైంది. "లారీగా పాస్, బంకుగా ఫెయిల్" అన్నది నా సొంత మాటలా వాడేశాను, క్షమించండి సార్.

కానీ మా సార్ చివర్లో ఒక్క ప్రశ్నతో పట్టేశారు. "ఒకసారి ఒక్క గొట్టమే వాడాలంటున్నావు, మరి రెండు గిలకలు మోసుకుని తిరగడం ఎందుకమ్మా? దండగ బరువు కదా?" నేను నీళ్లు నమిలాను.

నీలం_యూనిఫాం | తర్వాతి బుధవారం రాత్రి 7:02

అట్లాంటిక్ మధ్యలో ఉన్నామనుకోమ్మా. వెనక ఫైటర్‌లో ఇంధనం అడుక్కొచ్చింది, అటూ ఇటూ ఒడ్డు లేదు. గిలక ఇరుక్కుంది, గొట్టం బయటికి రాలేదు. ఆ పైలట్‌కి రేడియోలో ఏం చెప్తావో మీ సార్‌ని అడుగు. రెండో గిలక ఉన్నది ఆ మాట చెప్పే పని పడకుండా.

ఫైనలియర్_పిల్ల | తర్వాతి బుధవారం రాత్రి 7:09

రేపే అడుగుతా 😄